ఎర్ర పట్టీ

తెయ్‌జో నిచ్చెనెక్కి పైన్ చెట్టుకి సూదుల్లాంటి పాత ఆకులు దూస్తున్నాడు. రెమ్మను ఎడమచేత్తో పట్టుకుని కింది వరస ఆకుల్ని వెనక్కి లాగుతాడు. జిగురుకి నల్లబడ్డ వేళ్ళు, పగిలిన గోళ్ళు. జీవితమంతా ఊరివాళ్ళ తోటల్లో చేసిన పనే. తనదంటూ పెంచుకున్నది ఈ ఒక్క బంగారు పైన్ చెట్టే. వేసవంతా పచ్చగా ఉండి, చలిగాలి తగిలితే చాలు, పసుపు పూసుకున్నట్టు మెరుస్తుంది.

కింద అతని భార్య ఫుసాయె నిచ్చెనని రెండు చేతులా పట్టుకుంది.

"దిగండి! డాక్టరు ఎక్కొద్దన్నాడు కదా. పడితే నా గతేంకాను?"

"ఒక్క కొమ్మేనే."

అప్పుడొచ్చాడు వీధి పెద్ద ఒనోదా. ఈ ఏడు వసంతంలోనే ఈ వీధికొచ్చిన మనిషి, చలికాలంలో ఈ చెట్టుని చూసి ఎరగడు. పురుగు తెగులుకి సముద్రపు గట్టు మీది పైన్ చెట్లన్నీ పండిపోయి చచ్చాయి. పసుపెక్కిన చెట్టుకల్లా ఎర్ర పట్టీ కడుతున్నారు. కడితే మర్నాడు కొట్టేస్తారు. అడగకుండానే ఈ మొదలుకీ కట్టేశాడు.

"చలికాలం దాని రంగే అదయ్యా! కళ్ళు నెత్తికెక్కాయా?" ఫుసాయె అరిచింది.

"మా చెట్టూ ముందు ఇలాగే పసుపైందమ్మా. తర్వాత పక్కింటిదీ పోయింది. రేపు మనుషులొస్తారు."

"రమ్మను! ముందు నన్ను నరికి, తర్వాత దాన్ని నరకమను!"

ఒనోదా తలవంచి వెళ్ళిపోయాడు. తెయ్‌జో మెల్లగా దిగి పట్టీ విప్పాడు. తాడు అయిపోయిందేమో, వాలిన కొమ్మని దాంతోనే ఊతంగా పాతిన వెదురుకి కట్టాడు.

ఫుసాయెకి ఒళ్ళు మండింది. "ఉరితాడు తెచ్చిస్తే ఊయల కట్టుకునే రకం మీరు! ఒక్క మాటైనా అనరేం?"

"పాపం, వాళ్ళ చెట్టు పోయిందిగా," అంటూ అరుగు మీద కూర్చున్నాడు. "టీ ఇవ్వవే."

పొయ్యి దగ్గర్నుంచే ఆమె తిడుతూ ఉంది. నోరులేని మొగుడని తిట్టింది, నిచ్చెనని తిట్టింది, రేపు రాబోయే రంపాల్ని తిట్టింది. టీ తెచ్చి పక్కన పెట్టి ఇంకా తిట్టింది. టీ చల్లారిపోతోందని తిరిగి చూసింది. తెయ్‌జో స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఊపిరి లేదు. ఇన్నేళ్ళూ నిచ్చెన మీంచి పడతాడని హడలి చచ్చింది. మనిషి నేలకి కాళ్ళానించి కూర్చునే పోయాడు.

మర్నాడు రంపాలవాళ్ళొచ్చారు. ఇంట్లో మనిషి పోయాడని గుమ్మానికి అంటించిన కాగితం చూసి ఒనోదా వాళ్ళని వీధి మొదట్లోనే ఆపి పంపేశాడు. చెట్టు దగ్గరికొచ్చి ఫుసాయెకి వంగి దండం పెట్టాడు. ఆమె తిరిగి పెట్టలేదు.

గాలికి బంగారు కొమ్మ ఊగుతోంది. దాన్ని వెదురుకి పట్టి ఉంచిన ఎర్ర పట్టీ మీద, ముడి దగ్గర, ఆయన వేళ్ళ నల్ల జిగురు మరక.