లావు ముక్కు విమానం

పాత ధోవతి ముక్కలో చుట్టిన విమానాన్ని చంకలో పెట్టుకుని ఇంద్రసేన ఆబిడ్స్ నుంచి నాంపల్లికి నడిచి వస్తుంటే, చూసినవాళ్లు పుంజును పందానికి తీసుకుపోతున్నాడేమో అనుకున్నారు. అంత పదిలంగా పట్టుకున్నాడు. స్టేషన్ రోడ్డు మలుపులో చినుకులు పడితే నెత్తి మీది టోపీ తీసి దాని మీద కప్పాడు. తన తల తడిసినా ఫరవాలేదు, అది మళ్లీ ఆరుతుంది.

శుక్రవారం, పట్నంలో అప్పట్లో కచేరీలకు బడులకు సెలవు. స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో ముగ్గురు ఆయన కోసం కాచుకుని ఉన్నారు. వామన్‌రావు స్టేషన్లో టికెట్లు ఇచ్చే గుమాస్తా. విద్యాసాగర్ బడిలో డ్రాయింగు మాస్టరు. శ్యామ్‌సుందర్‌కు ఆబిడ్స్‌లో ఫొటో స్టూడియో ఉంది. పనులు వేరు, పిచ్చి మాత్రం ఒకటే. మెత్తటి కర్రతో చిన్న చిన్న విమానాలు చెక్కి, రంగులేసి, ఇంటి దూలాలకు దారాలతో వేలాడదీస్తారు. వామన్‌రావు ఇంట్లో దండెం మీద బట్టలు ఆరేయాలంటే ఆయన భార్య తల వంచుకుని విమానాల కింద నుంచి పోవాలి.

యుద్ధానికి ముందు ఈ ముగ్గురూ ఇంద్రసేన బొమ్మల దుకాణంలోనే విలాయతీ డబ్బాలు కొనేవాళ్లు. డబ్బాలో మొరటుగా కోసిన కర్రముక్కలు, విమానం గీసిన నక్షా, కాస్త జిగురు ఉండేవి. మిగతాదంతా కొన్నవాడి చేతిపని. యుద్ధం వచ్చింది, ఓడలు ఆగాయి. విలాయతీ డబ్బాలు పోయాయి, జపాను రేకుబొమ్మలూ పోయాయి. తండ్రి పెట్టిన దుకాణంలో అరలన్నీ బోసిపోయాయి.

ఖాళీ అర కనిపిస్తే వ్యాపారం తెలిసినవాడి చేయి ఊరుకోదు. ఇంద్రసేన బామ్మర్ది ప్రహ్లాద్‌ది ఉస్మాన్‌గంజ్‌లో ఛత్రీల, అదే గొడుగుల, టోకు వ్యాపారం. తొలకరి రోజుల్లో వచ్చి, ఒక మూల అరలో ఓ కట్ట ఛత్రీలు పెట్టి పోయాడు. శ్రావణం వచ్చేసరికి సగం దుకాణం ఛత్రీలే.

"బావా, నుమాయిష్ల పెట్టనీకి మన దుకాణానికి సొంతంగ ఏదన్న ఒక్క వస్తువు ఉంటె బొమ్మల బోర్డే ఉంచుదం. లేకుంటె ఛత్రీల బోర్డు రాయిస్త. నారాజ్ గాకు," అన్నాడు ప్రహ్లాద్, మెత్తగానే. మెత్తగా చెప్పేవాడితోనే చిక్కు. పోట్లాడటానికి చోటివ్వడు.

అందుకే నుమాయిష్‌కు, ఏటా పట్నంలో జరిగే ఆ పెద్ద ప్రదర్శనకు, ఇంద్రసేన సొంతంగా ఒక విమానం డబ్బా తీసుకురావాలని పూనుకున్నాడు. బేగంపేట నుంచి లేచి పట్నం మీద చక్కర్లు కొట్టే శిక్షణ విమానం, రెండంతస్తుల రెక్కలది, టైగర్ మాత్ అంటారు, దాని బొమ్మే చేయాలి. కర్రేమో నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర, గోటితో గీరితే గీత పడేంత మెత్తన. చెక్కించేది రాజనర్సు, నిర్మల్ నుంచి దుకాణానికి బొమ్మలు తెచ్చిచ్చే మనిషి.

"సేట్, మీరొక్క నమూనా ఖాయం చేసియ్యున్రి," అన్నాడు రాజనర్సు. "అదెట్లుంటె మా వాడోళ్లందరు అట్లనే చెక్కుతరు. ఎంట్రుకంత తేడా రానియ్యం." వచ్చే వారం శనివారం పొద్దున అతను కాచిగూడలో బండెక్కుతాడు. ఆలోపు నమూనా చేతికివ్వాలి. ఇవ్వకపోతే నుమాయిష్‌కు డబ్బా లేదు, డబ్బా లేకపోతే బోర్డు లేదు.

ఇంద్రసేన మొదట కోసిన మొద్దు మరీ లావైందని పక్కన పడేశాడు. దాన్ని వసుమతి, అంటే ఆయన భార్య, దుకాణం వెనకున్న తమ ఇంటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది. రెండోదాన్ని మాత్రం కళ్లలో పెట్టుకుని చెక్కాడు. ఎందుకంటే ఆ ముగ్గురూ ఏళ్ల తరబడి విలాయతీవాణ్ణి తిట్టిన తిట్లన్నీ గల్లాపెట్టె వెనక కూర్చుని విన్నాడు. "చెక్కుడంత మన నెత్తిన ఏసిండు." "రుద్ది రుద్ది ఏళ్లు బొబ్బలెక్కినయ్." తన డబ్బాలో ఆ బాధే ఉండకూడదనుకున్నాడు. ముక్కలన్నీ ముందే చెక్కి, అద్దంలా రుద్ది ఉంటాయి. కొన్నవాడు జిగురు పెట్టి అతికించుకుంటే చాలు.

చాయ్ కప్పులు పక్కకు జరిపి, ధోవతి ముక్క విప్పాడు.

అంగట్లో ఎద్దును కొనేవాళ్లు ముందుగా నోరు విప్పరు. చుట్టూ తిరుగుతారు, మూపురం తడతారు, పళ్లు చూస్తారు. ఎంత నచ్చినా మొహం మాత్రం కాకరకాయ నమిలినట్టే పెడతారు. ముగ్గురూ అదే పని చేశారు.

వామన్‌రావు జేబులోంచి ఒక పాత రైలు టికెట్ అట్ట తీశాడు. లోకంలో దేన్ని కొలవాలన్నా ఆయనకు అదే గజంబద్ద. ముక్కు దగ్గర పెట్టి చూసి, "లావున్నది," అన్నాడు. "గింత లావు ముక్కా? పడిశం పట్టినట్టున్నది భాయ్ నీ ఇమానానికి."

విద్యాసాగర్ చేయి చాచి, బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను మూశాడు. "ముక్కు సంగతి ఇడిసిపెట్టు వామన్‌రావ్. రెక్కలు చూసినవా? రొట్టెలు చేసే పీట లెక్కున్నయ్. ఇంటికి తీస్కపోతె మా ఇంటామె సంతోషపడుతది."

శ్యామ్‌సుందర్ కోటు లోపలి జేబులోంచి ఒక ఫొటో తీశాడు. దాన్ని చూడగానే మిగతా ఇద్దరూ నిట్టూర్చారు. హుస్సేన్‌సాగర్ కట్ట మీద నిలబడి ఆయనే తీసిన ఫొటో అది. నిండా తెల్లటి ఆకాశం, నడుమ ఈగంత నల్లటి చుక్క.

"తోక తప్పున్నది," అన్నాడు ఆ చుక్కను గోటితో చూపిస్తూ. "గీడ సాఫ్ కనవడుతున్నది."

"మాకు ఈగ కనవడుతున్నది," అన్నాడు వామన్‌రావు.

"ఈగ అయితె కాళ్లుండాలె గద మాష్టర్ సాబ్, మీరన్న చెప్పున్రి."

"కాళ్లు గూడ ఉన్నట్టున్నయ్," అన్నాడు విద్యాసాగర్ రెండో కన్ను కూడా మూసుకుని.

ఇంద్రసేన ఓపికగా నవ్వాడు. "సరే, ఏం మార్చాల్నో ఒక్కమాట చెప్పున్రి. నేనే దిద్దుకుంట."

"చెప్తె సమజ్ కాదు భాయ్. చేతితోని చూపియ్యాలె," అన్నాడు వామన్‌రావు. "ఒక్క పూట నాకియ్యి. జరంత, గీ టికెట్ మందం, ముక్కు తీసిస్త."

దుకాణదారుడికి ఉండకూడని గుణం ఒకటి ఇంద్రసేనకు ఉంది. తన దగ్గర కొన్నవాడు ఏదడిగినా కాదనలేడు. ధోవతి ముక్కతో సహా ఇచ్చేశాడు.

వామన్‌రావు టికెట్ మందమే తీశాడు, అందులో అబద్ధం లేదు. కాని ఒక పక్క తీశాక రెండో పక్క ఎత్తుగా కనిపించింది. అదీ తీశాక పొట్ట ఉబ్బినట్టు కనిపించింది. పొట్టను ఊరికే వదిలేయడం ఎట్లా? విమానం విద్యాసాగర్ ఇంటికి చేరేసరికి, సన్నబడ్డ ముక్కు వెనక రెక్కలు అంతకు ముందుకన్నా దొడ్డుగా కనిపించాయి. ఆయన ఇల్లాలు పళ్లెంలో అన్నం పెట్టి పిలిస్తే, "వస్తున్న, గీ ఒక్క రుద్దు," అన్నాడు. చారు చల్లారింది, మళ్లీ కాగింది, మళ్లీ చల్లారింది. శ్యామ్‌సుందర్ తోక దిద్దాడు. దిద్దాక, ఆ తోకకు తగ్గ రెక్కలు కావాలి గదా అని వాటినీ పట్టాడు. ఒకరు చేసింది ఇంకొకరికి నచ్చిందంటే నామోషీ. అందుకని అది మళ్లీ వామన్‌రావు ఇంటికి పోయింది. అక్కడి నుంచి మళ్లీ మాస్టరు ఇంటికి.

ఇంద్రసేన రోజూ స్టేషన్‌కూ స్టూడియోకూ తిరిగాడు. "అయిపోయింది భాయ్, జర మిగిలింది," అనేవాళ్లు. ఇక అందులో ఏం మిగిలిందన్నదే అడగాల్సిన మాట. అది ఆయనకు తోచలేదు.

మళ్లీ శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురూ కలిసి దుకాణానికి వచ్చారు. రాజనర్సు మూటాముల్లె సర్దుకుని అప్పటికే గడప మీద కూర్చున్నాడు. ప్రహ్లాద్ కూడా వచ్చాడు. చేతిలో కొలత టేపు ఉంది. మిగిలిన అరల్లో ఎన్ని ఛత్రీలు పడతాయో చూసుకుపోదామని, బోర్డు కొలత కూడా తీసుకుపోదామని.

విద్యాసాగర్ ధోవతి ముక్క విప్పాడు. విమానం వెంటనే కనిపించలేదు. గుడ్డ మడతల్లో వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికాక బల్ల మీద పెట్టాడు. ముక్కు పెన్సిలు మొన. పొట్ట లోపలికి పోయింది. రెక్కల్ని వెలుతురుకు పడితే రోడ్డు మీద పోయే టాంగా నీడ అవతల నుంచి కనిపించింది.

వెనక గుమ్మంలో నిలబడ్డ వసుమతికి నవ్వు ఆగలేదు. "మేం పంపించింది ఇమానం, వాపస్ వచ్చింది తూనీగ. మీ ఇండ్లల్ల దానికి జర తిండి పెట్టలేదా అన్నయ్యా?"

రాజనర్సు దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఊపిరి తగిలితే లేచిపోతుందేమోనని మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఇట్లనే చెక్కుమంటె చెక్కుతం సేట్. గని..." అంటుండగానే పై రెక్క టక్కుమంది.

"ముక్కు నువ్వు తీసినవ్!"

"ముక్కే తీసిన. పొట్ట తీసిందెవరు?"

"తోక ఎక్కడున్నది భాయ్? నాకిచ్చినప్పుడు తోకున్నది!"

ప్రహ్లాద్ విరిగిన రెక్కను తీసి వంచి చూశాడు. "ఫికర్ చెయ్యకు బావా. ఛత్రి పుల్లకు పనికొస్తదేమో చూస్త," అని టేపు లాగి అరలు కొలవడం మొదలుపెట్టాడు.

ఇంద్రసేన స్టూలు మీద కూలబడ్డాడు. బండి రేపు పొద్దున. మళ్లీ చెక్కడానికి వ్యవధి లేదు. ఆయనకు కోపం రావడం ఎవరూ ఎరగరు, ఇప్పుడూ రాలేదు. కాని అడగకుండా ఉండలేకపోయాడు.

"మీరే గద అన్నరు, రుద్దుడు బాధని, ఏళ్లు పోతున్నయని. మీ మాట ఇనే గద నున్నగ చేసిచ్చిన. నున్నగ ఉన్నదాన్ని పట్టుకోని మల్ల ఎందుకు రుద్దిన్రు?"

"చేతులు ఊకుంటలేవు భాయ్," అన్నాడు వామన్‌రావు, టికెట్ అట్టను అటూ ఇటూ తిప్పుతూ.

"అబద్ధమెందుకు, గీ వారం నిద్ర మంచిగ పట్టింది," అన్నాడు విద్యాసాగర్.

శ్యామ్‌సుందర్ చూపుడువేలు ముందుకు చాపాడు. వేలి కొసన బొబ్బ లేచి ఉంది. దాన్ని కొత్తగా ఉంగరం పెట్టుకున్నవాడిలా చూపిస్తున్నాడు.

ఇంద్రసేన ఆ బొబ్బను కాసేపు చూశాడు. ఆ మొహంలోని సంబరాన్ని ఇంకాసేపు చూశాడు. లేచి వెనక గుమ్మం దగ్గరకు వెళ్లి, తలుపు కింద నుంచి మొద్దును లాగాడు. వానగాలికి తలుపు దఢాలుమని మూసుకుంది.

"అయ్యో, నా తలుపు!" అంది వసుమతి.

"రాజనర్సూ, గిదే నమూనా."

రాజనర్సు మొద్దును తిప్పి తిప్పి చూశాడు. "గిది చెక్కనే లేదు గద సేట్!"

"ఔ. చెక్కద్దు. గిట్లనే లావుగ, మొరటుగ ఉండాలె. రెక్కలు రొట్టెల పీట లెక్క కొయ్యి. గరుకు కాయిదం మాత్రం డబ్బ నిండ పెడత."

రాజనర్సు మొహం మాడింది. "మా చేతి నున్నతనం చూసే గద జనం కొనేది. గిది చూస్తె మా వాడ పేరు చెడదా?"

"ఏం చెడదు. చెడగొట్టేది వీళ్లు, వీళ్ల పేరే చెడుతది."

వామన్‌రావు చేయి అప్పటికే జేబులోకి పోయింది. టికెట్ తీసి మొద్దు మీద పెట్టి, "ముక్కు మరీ లావున్నది," అన్నాడు.

"ఔ. తగ్గించుకో."

"ఎంత?"

"నీ ఇష్టం."

ఇన్నేళ్లలో వాళ్ల మాటకు ఎవరూ అట్లా ఎదురుచెప్పకుండా తలూపింది లేదు. విద్యాసాగర్ గొంతు సవరించుకుని, అందరికన్నా ముందు తనకొక డబ్బా తీసి పెట్టమన్నాడు. శ్యామ్‌సుందర్ రెండు పెట్టమన్నాడు, ఒకటి చెడిపోతుందని ఆయనకు ముందే తెలుసు.

ప్రహ్లాద్‌కు ఇదంతా వింతగా ఉంది. టేపు భుజాన వేసుకుని వచ్చి, రాజనర్సు చేతిలోంచి మొద్దు తీసుకున్నాడు. "గిదెవరు కొంటరు బావా? జనానికేం పిచ్చా? గింత లావు ముక్కు..." అంటూనే బల్ల మీదున్న గరుకు కాగితం ముక్కతో ముక్కు మీద ఒక్కసారి రుద్దాడు. పొనికి కర్ర పొడి పిండిలా రాలింది. వేలితో తడిమి చూశాడు. ఇంకొకసారి రుద్దాడు. తరవాత ఛత్రీల కట్ట మీద కూర్చున్నాడు.

"తమ్మీ, దుకాణమంత పొట్టు చేస్తున్నవ్," అంది వసుమతి.

ప్రహ్లాద్ తలెత్తలేదు. చేయి వెనక్కి చాపి, అరలోంచి ఒక కొత్త ఛత్రి లాగి, విప్పి, తలకిందులుగా మోకాళ్ల నడుమ పెట్టుకున్నాడు. పొడి అందులో పడుతోంది. "జరాగు అక్కా. గీ ఒక్క పక్కనే."

"అయ్యా, నా నమూనా!" అన్నాడు రాజనర్సు లేచి. "రేపు పొద్దుగాల నాకు బండున్నది!"

"రేపు గదా."

ఇంద్రసేన ఇక ఆలస్యం చేయలేదు. ఈసారి కాదనడం ఆయనకు చేతనైంది. మొద్దును బామ్మర్ది చేతిలోంచి ఊడబెరికి, ధోవతి ముక్కలో చుట్టి, రెండు ముళ్లు వేసి రాజనర్సు మూటలో దోపాడు. "నుమాయిష్ల కొనుక్కో బామ్మర్దీ."

ప్రహ్లాద్ చేయి ఖాళీగా మిగిలింది. వేళ్లు మాత్రం గాలిలో ఇంకా రుద్దుతూనే ఉన్నాయి.

వసుమతి కిందపడ్డ టేపు తీసి తమ్ముడికి అందించింది. "కొలత తీసుకోవా తమ్మీ? బోర్డుకు."

"ఏ బోర్డు?" అన్నాడు ప్రహ్లాద్.