వెనక బెంచీలో వదిన

రంగుల మేడమ్ అన్న పేరు పిల్లలు పెట్టింది. యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పేవాళ్ళంతా తెర మీద బొమ్మలు చూపించడానికి అలవాటుపడిపోయినా, ఆమె మాత్రం డబ్బా నిండా రంగు చాక్‌పీసులు పట్టుకునే క్లాసుకు వెళ్ళేది. కాండం అడ్డుకోత బొమ్మ పూర్తయ్యేసరికి ఆమె మోచేతుల దాకా ఆకుపచ్చా, ఎరుపూ అంటుకుని ఉండేవి.

స్టాఫ్ గదిలో ఆమె బల్లకు ఎదురుబల్ల వదినది. నిజానికి ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు. పదమూడేళ్ళ క్రితం ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, ఒకే గదిలో పడ్డారు. మొదటి వారంలో సరదాకి మొదలైన "వదినా" అన్న పిలుపు అలాగే నిలిచిపోయింది. రంగుల మేడమ్ తల్లి మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ప్రాక్టికల్ రికార్డులన్నీ దిద్దిపెట్టింది వదినే. వదిన కూతురికి పువ్వు నిలువుకోత బొమ్మ వేయడం నేర్పింది రంగుల మేడమే.

ఆ ఏడు కొత్త నిబంధన వచ్చింది. బోధన ఎలా ఉందో తేల్చడానికి పిల్లలు వేసే మార్కులు ఒక్కటే చాలవట. ప్రతి లెక్చరర్ క్లాసులోనూ తోటి లెక్చరర్ ఒకరు కూర్చుని, చూసింది చూసినట్టు రాసి, పదికి ఇన్ని అని మార్కులు వేయాలి. ఎవరు కూర్చోవాలన్నది ఎవరికి వారే ఎంచుకోవచ్చు. సర్క్యులర్ చదివి ఇద్దరూ ఒకేసారి తలెత్తి నవ్వుకున్నారు.

"ఇంకెవరున్నారు మనకి? నీ క్లాసుకి నేను, నా క్లాసుకి నువ్వు," అంది వదిన.

"మొహమాటానికి పోయి పదికి పదీ వేసేయకు. నిజమే రాయి."

"అలాగేలే. ఉతికి ఆరేస్తాను, సరేనా?"

రెండు వారాల తర్వాత, ఏ పాఠం చెప్తే బాగుంటుందని రంగుల మేడమ్ అడిగింది. వదిన కాసేపు ఆలోచించి, "ఆ కొత్త చాప్టర్ చెప్పు," అంది. జన్యుశాస్త్రంలో ఆ ఏడే చేర్చిన అధ్యాయమది. మూడు జన్యువులు ఏ వరసలో ఉన్నాయో తేల్చి, వాటి మధ్య దూరాలు లెక్కగట్టాలి.

"అమ్మో, అదా? నాకు ఇప్పటికీ కొరుకుడు పడలేదది. నీకు చెప్పానుగా, దాంట్లో నాకు పట్టు లేదని."

"అందుకే చెప్పమంటున్నా. వచ్చిన పాఠం చెప్తే గొప్పేముంది? కష్టమైంది తలకెత్తుకుని పిల్లలతో సహా గట్టెక్కింది అని రాస్తే కమిటీ వాళ్ళకి అదే నచ్చుతుంది. వెనకాల నేనున్నాగా."

రంగుల మేడమ్ నాలుగు సాయంత్రాలు కూర్చుని ఆ లెక్కలు సాధన చేసింది. భర్తను కుర్చీలో కూర్చోబెట్టి పాఠం చెప్పింది. ఆయన పోస్టాఫీసు ఉద్యోగి. "నాకు ముక్క అర్థం కాలేదు గానీ, నువ్వు చెప్తుంటే వినబుద్ధేస్తోంది," అన్నాడు.

ఆ రోజు వదిన వెనక బెంచీలో కూర్చుంది. పాఠం బాగానే సాగింది. వరస సరిగ్గానే తేలింది. దూరం కట్టే దగ్గర మాత్రం రంగుల మేడమ్ తడబడింది. బోర్డు మీద వచ్చిన అంకె ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. రెండో వరసలోంచి ఒక అమ్మాయి లేచింది.

"మేడమ్, రెండుచోట్లా తెగి మారిన డబుల్ క్రాస్ఓవర్లు కలపలేదు మీరు. రెండు దూరాల్లోనూ కలపాలి కదా?"

"అవునమ్మా, మర్చేపోయాను. రా, నువ్వే కలుపు." ఆ అమ్మాయి చేతికి చాక్‌పీస్ ఇచ్చింది. క్లాసంతా కలిసి లెక్క మళ్ళీ మొదటినుంచీ చేశారు. గంట కొట్టాక కూడా నలుగురైదుగురు బోర్డు దగ్గరే నిలబడి వాదించుకున్నారు. వదిన వెళ్తూ వెళ్తూ భుజం తట్టి, "బాగుంది," అంది.

తర్వాతి సోమవారం హెడ్ పిలిచి కాగితం చేతిలో పెట్టాడు. పదికి నాలుగు. కింద వదిన గుండ్రటి అక్షరాలు. "విషయ పరిజ్ఞానంలో లోపం ఉంది. తప్పును విద్యార్థిని సరిదిద్దవలసి వచ్చింది. ఈ అధ్యాయంలో తనకు పట్టు లేదని బోధకురాలే ముందుగా ఒప్పుకున్నారు."

ఆఖరి వాక్యం దగ్గర రంగుల మేడమ్ కళ్ళు ఆగిపోయాయి.

"మీరు ఎంచుకున్నావిడేగా రాసింది," అన్నాడు హెడ్ ఇబ్బందిగా. "మన డిపార్ట్‌మెంట్ నుంచి మీ ఇద్దరిలో ఒకరిని ఊరవతల క్యాంపస్‌కి పంపాలి. ఈ రిపోర్టుల్లో మార్కులు తక్కువ వచ్చినవాళ్ళనే పంపుతారు. మీకు తెలుసుగా?"

"నాకెలా తెలుస్తుంది?"

"అదేంటండీ! పోయిన నెలలోనే మీ గదిలో మేడమ్‌కి చెప్పాను. మీరు క్లాసులో ఉన్నారు, మీకూ చెప్పమన్నాను."

రంగుల మేడమ్ మనసులోనే రోజులు లెక్కేసుకుంది. పోయిన నెల అంటే, ఆ అధ్యాయమే చెప్పమని వదిన సలహా ఇవ్వకముందు.

గదికి వచ్చేసరికి వదిన పేపర్లు దిద్దుకుంటోంది. తలెత్తలేదు.

"నాకు పట్టు లేదని నీతో అన్న మాట కూడా రాశావా?"

"నిజమే రాయమన్నావుగా వదినా."

"క్యాంపస్ సంగతి ఎందుకు చెప్పలేదు?"

వదిన పెన్ను కింద పెట్టింది. "చెప్తే నువ్వు వచ్చిన పాఠమే చెప్పుకునేదానివి. అప్పుడు వెళ్ళాల్సింది నేను. అమ్మాయికి ఈ ఏడు పెద్ద పరీక్షలు. రోజూ మూడు గంటలు బస్సులో ఎలా తిరగను చెప్పు? నీకు పిల్లల బాదరబందీ లేదు. నువ్వు ఎక్కడైనా నెగ్గుకొస్తావు."

పిల్లలు లేరన్న మాట వదిన నోటినుంచి ఆ పదమూడేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. రంగుల మేడమ్ సంచీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

విషయం విని ఆమె భర్త మండిపడ్డాడు. "గురువారం ఆవిడ క్లాసులో కూర్చోవాల్సింది నువ్వేగా? మూడు వెయ్యి. అప్పుడు తెలుస్తుంది."

వేద్దామనే వెళ్ళింది. వెనక బెంచీలో కూర్చుని ఫారం తెరిచి, తప్పు కోసం కాచుకుంది. వేళ్ళు నీటిని ఎలా పీల్చుకుంటాయన్నది ఆనాటి పాఠం. వదిన ఒక్క పదం కూడా బోర్డు మీద రాయకుండా, "మూడు రోజులు నీళ్ళు పోయకపోతే కుండీలో మొక్క ముందు ఎక్కడ వాడుతుంది?" అని అడిగింది. తలా ఒకటి చెప్పారు. ఎవరినీ తప్పనలేదు, ఒక్కో జవాబునే పట్టుకుని అందరినీ వేరు దాకా లాక్కెళ్ళింది. అరగంటకి, ఎప్పుడూ కునికే ఆఖరి వరస కూడా ముందుకు వంగి వింటోంది. ఇన్నేళ్ళు ఎదురుబల్ల మీద ఉన్నా వదిన ఇంత బాగా చెప్తుందని రంగుల మేడమ్‌కి తెలియదు. అది చూసి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

మూడు అని రాయబోయింది. చెయ్యి కదల్లేదు. క్షమించి కాదు. కళ్ళ ముందు జరిగిన పాఠాన్ని జరగలేదని రాయడం ఆమెకు చేతకాలేదు, అంతే. తొమ్మిది వేసి సంతకం పెట్టింది.

మర్నాడు రిపోర్టు చూసుకుని వదిన పరిగెత్తుకుంటూ వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి. రంగుల మేడమ్ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వు ఇలాగే రాస్తావని నాకు తెలుసు వదినా. మొదటినుంచీ తెలుసు."

అంతవరకూ రంగుల మేడమ్ ఒకటే అనుకుంటూ వచ్చింది, భయంలో చేసిందిలే అని. ఈ మాటతో అదీ పోయింది.

"అంటే నేను అబద్ధం రాయలేనని లెక్కేసుకునే నాకు నాలుగు వేశావన్నమాట," అంది మెల్లగా. చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇక నన్ను వదినా అనకు. అందరూ పిలిచినట్టే మేడమ్ అను."

నెల తిరక్కుండానే బదిలీ కాగితం వచ్చింది. రంగుల మేడమ్ రోజూ రెండు బస్సులు మారి ఊరవతల క్యాంపస్‌కి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడి పిల్లలు మంచివాళ్ళే. గదిలో ఆమెతో పాటు ఇద్దరు లెక్చరర్లు ఉన్నారు. పలకరిస్తే నవ్వేది, టీ తాగేది, పాఠాల గురించి మాట్లాడేది. ఏ పాఠం రాదో మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. తెలియనిది ఉంటే ఇంటికి పుస్తకం తెచ్చుకుని ఒక్కతే కుస్తీ పట్టేది.

వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం ఫోను మోగింది. కూతురు పరీక్ష గట్టెక్కిందని చెప్పడానికి వదిన చేసింది.

"సంతోషమండీ. అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి," అంది రంగుల మేడమ్. ఆమె ఫోను పెట్టేసింది.

"ఎవరు?" అన్నాడు భర్త పేపర్లోంచి తలెత్తకుండానే.

"పాత చోట నాతో పనిచేసినావిడ," అని, ఆమె ఆరిన బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్ళింది.