గుంటలో లక్ష్ముడు

బరంపురంలో నాది కళ్ళజోళ్ళ దుకాణం. ఊరందరి చూపూ సరిచేసేవాణ్ణి. దీపం కింద చీకటన్న మాట నాకే తగులుతుందని పన్నెండేళ్ళపాటు తెలుసుకోలేదు.

ఆదివారమొస్తే దుకాణం మూసి రైఫిల్ క్లబ్బుకు పోయేవాణ్ణి. మూడువందల గజాల అవతల మట్టిదిబ్బ, దాని ముందు నిలువెత్తు గుంట. ఆ గుంటలో లక్ష్ముడు కూర్చునేవాడు. పక్కనే ఉన్న గిరిసోల ఊరి మనిషి. నేను కాల్చగానే గురిచెక్కను కిందికి దించి, కన్నం మీద కాగితం ముక్క అంటించి మళ్ళీ పైకెత్తేవాడు. కర్ర చివర రేకుబిళ్ళతో తూటా ఎక్కడ తగిలిందో చూపించేవాడు. నల్లచుక్క నడిమధ్యన తగిలితే బిళ్ళతో టక్ టక్ మని రెండుసార్లు తట్టడం వాడి అలవాటు. చెక్కకే తగలకపోతే ఎర్రజెండా ఊపాలి. నాకు వాడు జెండా ఊపిన గుర్తు లేదు.

క్లబ్బువాళ్ళు జిగురు కొనిచ్చినా ముట్టేవాడు కాదు. తెచ్చుకున్న చద్దన్నంలోంచి ఓ మెతుకు తీసి, నలిపి అంటించేవాడు. "మెతుకంత గట్టిగా ఏటీ పట్టదు బాబూ" అనేవాడు.

అరవై ఏడులో క్లబ్బు పంపిన నా మార్కులు చూసి జాతీయ పోటీలకు పిలిచారు. "ఇంట్లో పులి, వీధిలో పిల్లి అయ్యేరు, జాగర్త" అని మా ఆవిడ చిట్టమ్మ ఆటపట్టించింది. లక్ష్ముడప్పటికి పచ్చకామెర్లతో మంచం పట్టాడు. గిరిసోల వెళ్ళి వాడికి చెప్పాను. సంతోషిస్తాడనుకుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఎల్లకండి బాబూ. అక్కడి గుంటలో నానుండను గదా."

"నువ్వు లేకపోతే నా తూటా దారి తప్పుతాదేట్రా?" అని నవ్వాను. వాడు నవ్వలేదు. నాలుగు రోజులకు పోయాడు.

ఢిల్లీలో నా చుట్టూ అందరూ మిలటరీవాళ్ళే. చిరుబొజ్జ మీద బోర్లా పడుకున్న దుకాణదారుణ్ణి నేనొక్కణ్ణే. పది తూటాలు కాల్చాలి. మొదటిది కాల్చాను. చెక్క దిగింది, లేచింది. బిళ్ళ వచ్చి నడిమధ్యన ఆని, రెండుసార్లు తట్టింది.

అటూ ఇటూ చూశాను. పక్క చెక్కల మీద బిళ్ళను ఊరికే ఆనించి తీసేస్తున్నారు. ఎవరూ తట్టడం లేదు.

రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోసారి కంట్లో చెమట పడి మోచెయ్యి జారింది. చెక్కకు బాగా ఎడంగా దిబ్బ మీద దుమ్ము లేవడం నా కళ్ళతో చూశాను. అయినా బిళ్ళ మధ్యకే వచ్చి రెండుసార్లు తట్టింది.

అప్పుడు గిరిసోలలో వాడన్న మాట గుర్తొచ్చింది. అది నా మీద బెంగ అనుకున్నాను. ఎంత వెర్రివాణ్ణి! పన్నెండేళ్ళుగా నేను నిజంగా కొట్టినవెన్ని, వాడు ఉత్తినే తట్టి చూపించినవెన్ని? సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

తొమ్మిదికి తొమ్మిదీ మధ్యనే పడ్డట్టు చూపించింది బిళ్ళ. నా వెనక జనం పోగయ్యారు. ఇంకొక్కటి తగిలితే దేశంలో మొదటివాణ్ణి. మెడల్ మీద ఆశ లేదంటే అబద్ధం, చచ్చేంత ఉంది. కానీ అసలు నాకు గురి ఉందో లేదో బతుకులో ఒక్కసారైనా తెలియాలి.

చెంప రైఫిలుకు ఆనించి, "ఒరే లక్ష్ముడూ, ఈ ఒక్కటీ నిజం సెప్పరా" అని గొణిగి కాల్చాను.

చెక్క దిగింది. చాలాసేపు లేవలేదు. లేచాక దాని పక్కనుంచి ఎర్రజెండా పైకొచ్చింది. ఇష్టం లేనట్టు, మెల్లగా, ఒక్కసారి ఊగి దిగిపోయింది.

కాల్పులు ఆగగానే గుంట దగ్గరికి పరిగెత్తాను. లోపల ఒక కుర్ర జవాను మణికట్టు రుద్దుకుంటూ నిలబడ్డాడు. "చెయ్యి నాదే సాబ్. ఎత్తింది మాత్రం నేను కాదు" అన్నాడు హిందీలో. అతని పక్కన జిగురు డబ్బా మూత కూడా తియ్యకుండా ఉంది.

నల్లచుక్క మీద ఒకదానిపై ఒకటి కాగితం ముక్కలున్నాయి. గోటితో గీకాను. తడి మెతుకులు వేలికి అంటుకున్నాయి, చద్దన్నం పులుపు వాసన కొట్టింది. ముక్కలన్నీ ఊడాక చూస్తే కింద చుక్కకు ఒక్క కన్నమూ లేదు. అంచుల దగ్గర మాత్రం నాలుగున్నాయి. నావి ఆ నాలుగే.

చెక్కను ఊడదీసి భుజాన వేసుకుని జడ్జీల బల్ల దగ్గరికి నడిచాను. జవాను భయంతో ఎప్పుడో ముందుకు పోయాడు. నా వెనక ఎవరూ లేరు.

"నా మార్కులు కొట్టేయండి. నేను కొట్టినవి ఈ నాలుగే" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చీ రాగానే, నా భుజం మీది చెక్కను నడిమధ్యన ఎవరో రెండుసార్లు తట్టారు.