నెమ్మది నాజిల్

మా గదిని కోర్ అంటారు. కంపాలాలో క్యాన్సర్ పరిశోధన చేసేవాళ్ళందరికీ ఉమ్మడిగా ఉన్న కణాల జల్లెడ ఇదొక్కటే. అందరూ వచ్చి కోరేది గనక కోర్ అని నా భాష్యం. ఈ జల్లెడ రంగు అద్దిన కణాలను సన్నటి ధారలో ఒక్కొక్కటిగా లేజర్ ముందు పరుగెత్తిస్తుంది. ఆ ధారను చుక్కలు చేస్తుంది. కావలసిన కణం ఉన్న చుక్కను గొట్టంలోకీ, మిగతాదాన్ని చెత్తలోకీ తోస్తుంది. దాన్ని నడిపేవాణ్ణి నేనే, సెబోవాను. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ "చుక్కలు చూపిస్తాను రండి" అంటాను. నవ్వనివాడి పని చివరికి నెడతాను.

గురువారాలు మాత్రం కెబిరుంగి అనే పరిశోధకురాలివి. మూడేళ్ళుగా ఫోర్ట్ పోర్టల్‌లో తెల్లవారుజాము బస్సెక్కి, ఒళ్ళో ఐసుపెట్టెతో వచ్చేది. దవడ వాచిన పిల్లల గడ్డల్లోంచి తీసిన ముక్కలు అందులో ఉండేవి. నాకోసం దారిలో ముబెండె దగ్గర బస్సు కిటికీలోంచి కొన్న కాల్చిన అరటిపండు కూడా ఉండేది, అయితే వేరే సంచిలో. ఆమెది టోరో తెగ. వాళ్ళలో దగ్గరివాళ్ళు ముద్దుపేరుతో పిలుచుకుంటారు. ఆమె ముద్దుపేరు అబ్వోలి. అలా పిలవనిచ్చిన రోజు నేను ఇంటికి నడిచే వెళ్ళాను, ట్యాక్సీ సంగతే గుర్తులేదు. భార్య పోయిన ఆరేళ్ళలో నాకు ఇంకేదీ అంత తియ్యగా వినపడలేదు.

ఇవాళ ఆఖరి గురువారం. వాళ్ళ ఊరికి సొంత జల్లెడ వచ్చింది, వచ్చే వారం నుంచి నడుస్తుంది. దాన్ని ఇప్పించమని సిఫారసు ఉత్తరం రాసిందెవరు? ఈ మేధావే. రెండు పేజీలు, ఒక్క శ్లేషయినా లేకుండా.

"ఆలస్యమైంది అబ్వోలీ."

"టైరు పేలింది. గంటన్నర ఎండలో కూర్చున్నాం." పెట్టె మూత తీసింది. "ఆరేళ్ళ పిల్ల. వేరుశెనగ గింజంత ముక్క. మళ్ళీ కోయనివ్వరు. ఇదే ఉన్నది."

అది విన్నాక కూడా నేను ధార పడే మూతికి లావు నాజిల్ బిగించాను.

సన్న నాజిల్‌తో అది నలభై నిమిషాల పని. లావుదాంతో మూడు గంటలు. ధార నెమ్మదిగా పడుతుంది, కణాల మీద ఒత్తిడి తగ్గుతుంది. సున్నితమైనవాటికి అదే మంచిదని పుస్తకాల్లోనూ ఉంది. నేను పెట్టింది పుస్తకం కోసం కాదు.

"నాజూకు కణాలకి నాజూకు నాజిల్," అన్నాను.

"ఇది పోయిన నెల చెప్పారు," అంది. అని, "మీరెలా అంటే అలా," అంది.

దీపం తగ్గించి తెర ముందు పక్కపక్కన కూర్చున్నాం. ఆమె చీటీ మీద ఏదో రాసుకుంటూంటే మోచెయ్యి నా మోచేతికి ఆనుతోంది. కణం కణం లెక్కపెట్టాల్సినవాణ్ణి క్షణం క్షణం లెక్కపెడుతున్నాను.

చచ్చిన కణం ఎర్రరంగు పీల్చుకుని తెర మీద ఒక మూలకి చేరుతుంది. మొదట నూటికి పన్నెండు ఉన్నాయి. పావుగంటకి పంతొమ్మిది. ఆమె కలం ఆగింది.

"సెబోవా గారూ, చచ్చిపోతున్నాయి."

"అవును."

"ఆ బస్సు వల్లేనా?"

నాలుక చివరికి 'అవును' వచ్చి కూర్చుంది. పేలిన టైరు నాకోసమే పేలినట్టుంది. కానీ ఆ మూలన చుక్కలు పెరుగుతూనే ఉన్నాయి.

"కొంత బస్సు. మిగతాది నేను. ఇది నెమ్మది నాజిల్, ఆలస్యానికే చస్తున్నాయి. కావాలనే పెట్టాను."

"ఎందుకు?"

నలభై తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఒక్క చమత్కారమూ తోచలేదు.

"మూడు గంటలు కూర్చుంటారని."

ఆమె నా వైపు చూడలేదు. "ముందు మార్చండి. తర్వాత తిట్టుకుందాం."

ధార ఆపి, నాజిల్ మార్చి, లేజర్‌కి మళ్ళీ సరిగ్గా ఎదురుపెట్టాలంటే అరగంట పడుతుంది. పదకొండు నిమిషాల్లో చేశాను. అంతసేపూ ఆమె ఆ గొట్టాన్ని ఐసులోనే గట్టిగా పట్టుకుని నిలబడింది. తర్వాత నలభై నిమిషాలు ఇద్దరం తెర మీది ఆ మూలనే చూస్తూ కూర్చున్నాం. ఎర్రవి ఇరవై రెండు దగ్గర ఆగాయి. గొట్టంలోకి ముప్పై ఒక్క వేల బతికున్న కణాలు దిగాయి.

"సరిపోతాయా?"

"సరిపోతాయి. ఒంటిగంట బస్సు అందితే, చీకటి పడేలోపు మా ల్యాబులో పెంపకానికి వేసేయొచ్చు."

ఆమె మూత బిగిస్తోంది. నేను పక్కనే నిలబడ్డాను.

"తర్వాత తిట్టుకుందామన్నారు."

"ఆ ముక్క పాడై ఉంటే జన్మలో క్షమించేదాన్ని కాదు. అది ఒకటి." పెట్టె పట్టీ లాగి కట్టింది. "మూడేళ్ళు వారం వారం వచ్చాను. ఉండమని ఒక్కమాట అడిగుంటే ఏదో ఒక గురువారం సాయంత్రం బస్సుకి వెళ్ళేదాన్ని. అంత నోరుండి ఏం లాభమయ్యా? అడగాల్సింది తప్ప అన్నీ వాగారు."

"ఇప్పుడడిగితే?"

ఆమె పెట్టె ఎత్తి గుండెకి ఆనించుకుంది.

"ఇప్పుడివి బతికున్నాయి కదా," అంది.

గేటు బయట ఒక మోటారుసైకిల్ ట్యాక్సీ ఆపాను. ఆమె ఎక్కి పెట్టెను ఒళ్ళో సర్దుకుంది. బండివాడు మాత్రం తీరిగ్గా అద్దం తుడుచుకుంటున్నాడు, పక్కవాడితో నిన్నటి ఫుట్‌బాల్ మాట్లాడుతున్నాడు. ఇంకో నిమిషం మాట్లాడితే బావుండునని ఒళ్ళంతా కోరుకుంటోంది.

"ఏమయ్యా, అద్దంలో అందం చూసుకోవడానికి వచ్చావా?" అని రోడ్డంతా వినపడేలా అరిచాను. "పోనీ! తొందరగా పోనీ! ఒంటిగంట బస్సు తప్పిందో, ఆ పెట్టెలోవి చస్తాయి!"

బండి దుమికింది. మలుపు దగ్గర ఆమె వెనక్కి తిరిగి చూసింది. చెయ్యి ఊపలేదు. రెండు చేతులూ పెట్టె మీదే ఉన్నాయి.