చైనావాళ్ళ వీధిలో బోణీ

2026 ఫిబ్రవరి పదిహేడు, చైనావాళ్ళ కొత్త సంవత్సరం. ఆ ఉదయం లిన్నమ్మ గారింట్లో అల్లం వేసి ఆవిరి మీద ఉడికించిన కొల్లేటి బొచ్చె చేప తిన్నాను. కొత్త సంవత్సరంలోకి మిగలాలని ముందు రోజు వండి సగం అట్టేపెట్టిన చేప. ఎడమవైపే నమిలాను. మా ఆవిడ చనిపోయిన ఏడాదే నా కుడివైపు కింది పన్నొకటి ఊడింది. కట్టించుకోవాలని మూడేళ్ళుగా అనిపించలేదు.

ఏలూరులో మా వీధిని ఆటోవాళ్ళు ఇప్పటికీ చైనావాళ్ళ వీధి అనే అంటారు. నేను బోటనీ చెప్పడానికి రోజూ రైల్లో తాడేపల్లిగూడెం కాలేజీకి వెళ్ళే రోజుల్లో ఇక్కడ ఐదు చైనా కుటుంబాలుండేవి. మూడిళ్ళలో కట్టుడు పళ్ళు చేసేవారు. గణపవరం, ముదినేపల్లి నుంచి జనం బస్సెక్కి వచ్చేవారు. మిగతా రెండిళ్ళవాళ్ళవీ చెప్పుల షాపు, బ్యూటీ పార్లర్. ఒక్కొక్కరే కలకత్తాకీ కెనడాకీ వెళ్ళిపోయారు. చెప్పుల షాపు బిర్యానీ పాయింటయింది, పార్లర్ మొబైల్ షాపయింది. లిన్ గారొక్కరే మిగిలి, మా అందరికీ లిన్నమ్మ గారయ్యారు. ఆవిడ తండ్రి పోయాక ఆయన పళ్ళ క్లినిక్ మూతపడింది.

దాన్ని ఇప్పుడు లిన్నమ్మ గారి కూతురు గ్రేస్ పళ్ళ డాక్టరు చదువు పూర్తిచేసి మళ్ళీ తెరుస్తోంది. ఇల్లు కొని పడగొట్టి కడతామని అడుగుతున్న అపార్ట్‌మెంటు వాళ్ళకి ఆ సాయంత్రమే మాట చెప్పాలి.

"ఇవాళ ఒక్కరైనా ఆ కుర్చీలో కూర్చుంటే ఇక్కడే ఉందాం. లేదంటే నువ్వు హైదరాబాదు, నేను కలకత్తా," అన్నారు లిన్నమ్మ గారు.

పదింటికల్లా వీధంతా అక్కడే ఉంది. గుమ్మానికి ఎర్ర కాగితపు లాంతర్లు, లోపల కొత్త కుర్చీ. అందరూ కుర్చీని తడిమి చూశారు, చేప తిన్నారు, కూర్చున్నవాళ్ళు లేరు.

"మంగళవారం, పైగా అమావాస్య. ఇవాళ డాక్టరుకి నోరు చూపిస్తే ఏడాదంతా చూపించాల్సిందేనమ్మా," అన్నారు ఎదురింటి వెంకటనరసమ్మ గారు.

"మరి చేప తినొచ్చా మామ్మగారూ?" అంది గ్రేస్.

"తిండికి అమావాస్య ఏవిటమ్మా. ఆ ముక్క ఇలా వెయ్యి."

అంతలో కలకత్తా నుంచి లిన్నమ్మ గారి అక్క ఫోను చేసింది. మాట్లాడి పెట్టేసేసరికి ఈవిడ మొహం పాలిపోయింది.

"కొత్త సంవత్సరం రోజు కత్తీ కత్తెరా ముట్టకూడదట మాస్టారూ. అదృష్టం తెగిపోతుందట. మా నాన్న ఏటా ఈ రోజు క్లినిక్ మూసేవారు. సెలవనుకున్నానండీ నేను."

"ముహూర్తం పెట్టింది నువ్వే కదమ్మా," అంది గ్రేస్, పనిముట్లు ఒక్కొక్కటే డ్రాయర్లో పెట్టేస్తూ.

"నేనేనమ్మా. నన్నే తిట్టు."

నా నాలుక ఊడిన పన్ను ఖాళీ మీదికి పోయింది.

"కత్తి ముట్టకుండా చేసే పని ఏదీ లేదా అమ్మా?" అన్నాను.

గ్రేస్ చెయ్యి ఆగింది. "కట్టుడు పన్నుకి అచ్చు తీయొచ్చు మాస్టారూ."

"అయితే తియ్యి," అని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను.

"ఏవండీ మాస్టారూ, మంగళవారమండీ," అన్నారు వెంకటనరసమ్మ గారు.

"నా పన్ను ఊడిందీ మంగళవారమేనండీ. తిరిగి రావడానికి దారి దానికి తెలుసు."

గులాబీరంగు ముద్ద నా దవడకి నొక్కింది గ్రేస్. పుదీనా వాసన. "ముక్కుతో ఊపిరి తీసుకోండి," అంది. కిటికీ దగ్గర జనం మెడలు చాచారు. బిర్యానీ కుర్రాళ్ళు కూడా గరిటెలతోనే వచ్చి నిలబడ్డారు. ముద్ద గట్టిపడడానికి మూడు నిమిషాలు పట్టింది.

అచ్చు ఊడివచ్చింది. లిన్నమ్మ గారు దాన్ని వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తండ్రి చేతిలో అలాంటివి ఎన్ని చూసి ఉంటారో.

"గాలి బుడగ ఒక్కటీ లేదు, అచ్చు బాగా పడింది," అన్నారు. తర్వాత ఫోను తీసి, "ఇల్లు ఇవ్వట్లేదండీ," అని పెట్టేశారు.

వీధి మొత్తం ఒక్కసారిగా మాట్లాడసాగింది. వెంకటనరసమ్మ గారు జనాన్ని తోసుకుని ముందుకొచ్చారు. "రేపు బుధవారం కదమ్మా. మొదటి పేరు నాది రాసుకో."

చీకటిపడేసరికి కాగితం మీద పదకొండు పేర్లున్నాయి. నేను బయల్దేరుతూ వెనక్కి చూస్తే లిన్నమ్మ గారు ఆ కొత్త కుర్చీలోనే నిద్రపోయి ఉన్నారు. గ్రేస్ తల్లికి దుప్పటి కప్పి, లైటు తీసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.