ఏమో కొండ

"ఏమో" అన్న మాట మీద కాపురాలు కూలిపోవడం చాలామంది చూసే ఉంటారు. ఇంటికి ఎప్పుడొస్తావంటే ఏమో, ఎక్కడికెళ్ళావంటే ఏమో. నాలుగు రోజులు వరసగా ఈ మాట వింటే ఎంత ఓపిక ఉన్న మనిషైనా గిన్నె విసిరేస్తుంది. అలాంటి మాట మీద ఒక కాపురం మొదలై, దాదాపు నలభై ఏళ్ళు నవ్వుతూ నడిచిందంటే ఎవరు నమ్ముతారు? బుల్లి వాళ్ళ అమ్మానాన్నలది మాత్రం అలాంటి కాపురమే.

నాన్న సర్వేయరు. కాలికి బలపం కట్టుకుని కొండలూ గుట్టలూ తిరిగి, పటాలకు కొలతలు తెచ్చే ఉద్యోగం. ఆ ఆఫీసులో ఒక నియమం ఉండేది. కొండకైనా వాగుకైనా సొంత పేరు పెట్టకూడదు. అక్కడ ఎదురైన మనిషిని అడగాలి. ఆ మనిషి నోట ఏది వస్తే అదే అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి.

ఒక పొద్దున ఒక కొండ కింద ఆయనకు బిందెతో నీళ్ళకు వెళ్తున్న అమ్మాయి ఎదురైంది. ఆమె ఆ ఊరి పిల్ల కాదు. బావ రోడ్డు పనికి వచ్చి అక్కడ ఉంటే, అక్కకు సాయంగా నెల రోజులకని వచ్చింది. "అమ్మాయ్, ఈ కొండ పేరేంటి?" అని ఆయన అడిగాడు. ఆమె ఆగను కూడా ఆగకుండా "ఏమో" అనేసి వెళ్ళిపోయింది. ఆయన "ఏమో కొండ" అని రాసుకున్నాడు.

ఆ తర్వాత సంగతికి ఇంట్లో రెండు కథలుండేవి. అమ్మ చెప్పేదాని ప్రకారం ఆయనకు బుర్ర లేదు, నిజంగానే అది పేరనుకున్నాడు. నాన్న చెప్పేదాని ప్రకారం అది పేరు కాదని ఆయనకు బాగా తెలుసు. కానీ పేరు సరిచూసుకోవాలన్న వంక పెట్టుకుని మళ్ళీ మళ్ళీ ఆ ఊరికి వెళ్ళొచ్చు కదా! వెళ్ళాడు. పేరు సంగతి వదిలేసి పెళ్ళి సంగతి మాట్లాడుకొచ్చాడు. ఈలోగా పటం అచ్చయిపోయింది. పెద్ద ఆఫీసర్లు ఎవరూ ఇదేం పేరని అడగలేదు. అడిగి ఉంటే నాన్న ఏం చెప్పేవాడో మరి.

అప్పటినుంచి ఇంట్లో అమ్మ నోట "ఏమో" అన్న మాట వస్తే చాలు, నాన్న జేబులోంచి పెన్సిలు తీస్తున్నట్టు నటించి "రాసుకోనా?" అనేవాడు. గొడుగెక్కడుందంటే ఏమో. రాసుకోనా? చుట్టాలు ఎప్పుడొస్తారంటే ఏమో. రాసుకోనా? "రాసుకోండి, మీరు నేర్చింది అదొక్కటే కదా!" అని అమ్మ విసుక్కునేది. ఆ విసుగులో ఎంత మురిపెం ఉండేదో పక్కవాటా వాళ్ళకు కూడా తెలుసు.

నాన్న పోయి ఏడాది దాటింది. అమ్మ పెద్దగా ఏడ్చి గోల పెట్టలేదు. వంట చేస్తుంది, టీవీ చూస్తుంది, లిఫ్టు పాడైతే మూడంతస్తులూ తిట్టుకుంటూ ఎక్కుతుంది. అంతా మామూలే. కానీ ఒక విషయం కనిపెట్టడానికి బుల్లికి చాలా రోజులు పట్టింది. అమ్మ "ఏమో" అనడం మానేసింది. ఏదడిగినా "తెలీదు" అంటోంది. రాసుకోనా అని అడిగే మనిషి లేనప్పుడు ఆ మాట అని ఏం లాభం అనుకుందో ఏమో. అది తెలిసిన రోజు బుల్లి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది.

బుల్లిదీ పటాల ఉద్యోగమే. కాకపోతే తండ్రి కాళ్ళతో చేసిన పని ఆమె కుర్చీలో కూర్చుని చేస్తుంది. కొండల్లో నడిచేవాళ్ళ కోసం, తప్పిపోయిన వాళ్ళను వెతికేవాళ్ళ కోసం ఫోన్లలో చూసుకునే పటాలు తయారు చేసే కంపెనీ అది. రెండు తెరల ముందు కూర్చుని ఉపగ్రహం తీసిన బొమ్మల్లో కాలిబాటలు వెతికి, వాటి మీద గీతలు గీస్తుంది. దూరపు కొండలు నునుపంటారు. ఉపగ్రహం కంటే దూరం నుంచి ఎవరు చూడగలరు? చెట్ల కింద బాట కనబడదు. నీడ అటుదిటైతే గుట్ట గుంటలా కనిపిస్తుంది. అయినా పదేళ్ళుగా చూసీ చూసీ ఆమెకు కొంత కన్ను కుదిరింది.

ఒక సోమవారం మధ్యాహ్నం, పాత పటాల పేర్లను కొత్త పటంలోకి ఎక్కించాక తెర మీద చూసుకుంటుంటే ఒక కొండ దగ్గర పేరు లేదు. ఎత్తు మాత్రం ఉంది. నాన్న రాసిన ఏమో కొండే అది. వెతికితే సంగతి తెలిసింది. పేర్లను ఏరే ప్రోగ్రాము "లేదు", "తెలియదు" అని ఉన్నవాటిని ఖాళీ గడులుగా లెక్కవేసి తీసేసింది. వాటితో పాటు "ఏమో"ను కూడా తీసేసింది. దాని తప్పేముంది, అది కూడా చదువుకున్నదే!

బుల్లి తన పైఅధికారి దగ్గరికి పరుగెత్తింది. పటంలో ఏది అనవసరమనిపించినా కోసేస్తాడని ఆఫీసంతా ఆయన్ని చాటుగా కత్తెర అంటారు.

"కొండకి పేరెందుకు మేడమ్? ఎత్తు ఉందిగా?" అన్నాడు కత్తెర.

"మీ అబ్బాయిని మీరు ఎత్తు చెప్పి పిలుస్తారా సార్?"

కత్తెర నవ్వాడు. చెడ్డవాడేం కాదు. "మీరు చెప్పేదాన్ని బట్టి అసలది పేరే కాదు కదా. మీ నాన్నగారు రాసుకున్న మాట. మన నియమం మీకు తెలుసు. అక్కడివాళ్ళు వాడుతున్న పేరైతేనే ఉంచుతాం. అక్కడి మనిషి నోటి మాట ఒక్కటి రికార్డు చేసి తెండి, పెట్టేద్దాం. నెలాఖరు లోపల తేకపోతే పేరు లేకుండానే కొత్త పటం విడుదలవుతుంది."

నాన్న పాటించిన నియమమే అది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది అని తర్వాత అనుకుంది. అమ్మ చేతిలోని గరిటె అలాగే పట్టుకుని, "పటంలో కూడా లేకుండా పోయారన్నమాట" అంది. పోయింది కొండ పేరు. అమ్మ మాత్రం "పోయారు" అంది.

ఆ శనివారం పొద్దున్నే ఇద్దరూ బయలుదేరారు. కొండ కింద రోడ్డు దగ్గర బస్సు దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఊరు ఇంకా దూరం, అడుగుదామంటే రోడ్డు మీద ఒక్క మనిషీ లేడు. అక్కడ సిగ్నల్ ఉండదని బుల్లి ముందే పటమూ ఉపగ్రహపు బొమ్మలూ ఫోన్లోకి దింపుకుంది. కొండ నడుం దగ్గర ఒక చదును, అక్కడ తెల్లటి చుక్కలు బొమ్మలో కనిపించాయి. ఎవరివో గుడారాలై ఉంటాయి, మనుషులు దొరుకుతారనుకుంది. అక్కడికి ఒక పాలిపోయిన గీత పోతోంది. ఆ గీత మీద బాట అని గుర్తు పెట్టింది రెండేళ్ళ క్రితం తనే.

"ఇటు కాదు బుల్లీ, ఆ చదును దాకా మేం నీళ్ళకెక్కే దారి అటు. మొదట్లో మూడు రాళ్ళుంటాయి" అంది అమ్మ.

"ఫోన్ ఇటే చూపిస్తోందమ్మా."

"ఫోన్ ఇక్కడ బిందెతో నడిచిందా?"

పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇద్దరూ పట్టుబట్టారు. పెద్దదని ముందు అమ్మ మాటే నెగ్గింది. మూడు రాళ్ళు దొరికాయి. కొండ మీద మూడు రాళ్ళు లేని చోటేది? ఆ దారి తిన్నగా తీసుకెళ్ళి ముళ్ళపొదల్లో దింపింది. చీర కుచ్చెళ్ళు విడిపించుకోవడానికే చాలాసేపు పట్టింది. తర్వాత బుల్లి వంతు. ఆమె గీసిన గీత మీద నీలం చుక్క బుద్ధిగా నడిచింది, వాళ్ళూ నడిచారు. పోను పోను రెండు పక్కలా గట్లు లేచాయి, కాళ్ళ కింద గుండ్రటి రాళ్ళు మొదలయ్యాయి. చివరికి ఎదురుగా నిలువెత్తు బండ. వానాకాలంలో అక్కడినుంచి నీళ్ళు దూకుతాయని చూస్తేనే తెలుస్తోంది. రెండేళ్ళుగా బాట అని తను లోకానికి చూపిస్తున్నది ఎండిపోయిన వాగు.

"నువ్వు గీసిందేనా?" అంది అమ్మ.

"నేనే."

"మీ నాన్న పోలికే."

ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది. బండ నీడలో కూర్చుని మంచినీళ్ళు తాగారు. బుల్లి ఈసారి వానాకాలంలో తీసిన బొమ్మ తెరిచింది. అందులో ఈ వాగు నల్లగా, నిండుగా ఉంది. ఎండాకాలపు బొమ్మ ఒక్కటే చూసి మోసపోయినందుకు తనని తాను తిట్టుకుంది. అయితే అసలు బాట ఏది?

"అమ్మా, నీళ్ళకు వెళ్ళేటప్పుడు ఇంకేం గుర్తుంది? రాళ్ళు కాకుండా."

అమ్మ కళ్ళు మూసుకుంది. "ఎండ. పొద్దున వెళ్ళేటప్పుడు కుడి చెంప మీద పడేది. ఒంపు తిరగగానే ఎడమ చెంప మీద. మళ్ళీ కుడి. బిందె ఒకసారి ఈ చంకకీ ఒకసారి ఆ చంకకీ మార్చుకునేదాన్ని."

అంటే తూర్పు వాలు. ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిరుగుతూ ఎక్కే బాట. బుల్లి బొమ్మను పెద్దది చేసి తూర్పు వాలంతా వెతికింది. చెట్ల మధ్య అక్కడో ముక్క, ఇక్కడో ముక్క, తెగిన దారంలా కనిపించింది. ఆ ముక్కల్ని కలుపుకుంటూ ఇద్దరూ నెమ్మదిగా ఎక్కారు. రెండో ఒంపు దగ్గర అమ్మ చెంప మీద చెయ్యి పెట్టుకుని, "ఇదే" అంది. అప్పుడు ఆమె ముఖంలో బుల్లి ఎప్పుడూ చూడని ఒక పడుచుపిల్ల కనిపించింది. నాన్న చూసింది ఈ పిల్లనే కదా అనుకుంది బుల్లి.

చదునులో తెల్ల చుక్కలు గుడారాలు కావు, తేనెపెట్టెలు. ముఖానికి వల కట్టుకున్న ఒకావిడ పెట్టె మూత తెరిచి చూస్తోంది. వీళ్ళను చూసి మూత వేసి, వల పైకెత్తి, "అక్కడే ఉండండి, ఈగలు చిరాగ్గా ఉన్నాయి" అంటూ తనే దగ్గరికొచ్చింది.

బుల్లి ఫోన్లో రికార్డు మీట నొక్కింది. పేరు మనం అందించకూడదు, వాళ్ళంతట వాళ్ళే చెప్పాలి. ఈవిడ ఇంకేదైనా పేరు చెబితే నాన్న పేరు పోయినట్టే.

"ఈ కొండ పేరేంటండీ?"

"ఏమో" అంది తేనెపెట్టెలావిడ.

బుల్లి నీరుగారిపోయింది. అమ్మ ముఖం తిప్పుకుని లోయకేసి చూడసాగింది.

"తెలీదా?"

"తెలీకపోవడమేంటక్కా? చెప్తున్నాగా, ఏమో!"

"అంటే... తెలీదనేగా?"

"అయ్యో నా రాత! ఇదుగో, ఇది పెద్దేమో. అదుగో, పక్కన బుడిపెలా ఉందే, అది చిన్నేమో."

"పెద్దేమో, చిన్నేమో అని అనుమానంగా చెప్తే ఎలాగండీ?"

"అనుమానం ఎవరికి? అవి పేర్లు! పెద్ద ఏమో, చిన్న ఏమో. ఏమో కొండంటే ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. మా అత్త అయితే, 'ఏమో మీద మబ్బు పట్టిందంటే వాన ఏమో కాదు, ఖాయం' అని బట్టలు తీసేసేది."

బుల్లికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్క కొండకు తప్పుగా రాసిన పేరు, పటంలోంచి దిగి, పక్కకొండకు కూడా పాకి, ఊరి నోట్లో సామెతయి కూర్చుంది.

అమ్మ ఇటు తిరిగింది. "ఆ పేరెలా వచ్చిందమ్మా?"

"పూర్వం ఎవరో దీన్ని కొలవడానికొచ్చాడంట పెద్దమ్మా. ఎంత కొలిచినా అంతు చిక్కక, 'ఏమో' అని చేతులెత్తేసి వెళ్ళిపోయాడంట."

"చేతులెత్తేశాడా!" అమ్మకు ఒక్కసారిగా రోషం వచ్చింది. "అంగుళం తేడా లేకుండా కొలిచుంటాడు. మీకెవరో తప్పు చెప్పారు."

"నువ్వు చూశావా ఏంటి పెద్దమ్మా?" అని ఆవిడ నవ్వింది.

చెప్పేద్దామా అన్నట్టు బుల్లి చూసింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. తర్వాత దిగేటప్పుడు, "ఎందుకులేవే, ఇప్పుడది వాళ్ళ పేరు" అంది.

కింద రోడ్డు పక్కన బస్సు కోసం కూర్చున్నారు. బుల్లి ఫోన్లో తను గీసిన వాగు గీత చెరిపేసి, తూర్పు వాలు మీద వాళ్ళు నడిచిన బాట పెట్టింది. కొండ దగ్గర పేరు కొట్టి, ఆవిడ మాట జత చేసింది. "పేరు తెలియదని మీ ఉద్దేశమా?" అని ఫోన్ అడిగింది. కాదు అని నొక్కింది. చిన్నేమో కూడా చేర్చింది. సోమవారం ఆ రికార్డు విని కత్తెర ఎన్నిసార్లు తల గోక్కుంటాడో తలుచుకుంటే హాయిగా ఉంది. అమ్మ మాత్రం కొండ వైపే చూస్తూ కూర్చుంది. ఆయన ఒక్కసారి తీసుకొస్తానని ఏళ్ళ తరబడి అన్నారు, పని తెమలక తేలేదని నెమ్మదిగా చెప్పింది.

దూరంగా బస్సు వస్తున్న చప్పుడు వినిపించింది.

"వానలు పడ్డాక మళ్ళీ వద్దామా అమ్మా? వాగు నిండా నీళ్ళుంటాయి" అంది బుల్లి.

అమ్మ చీర దులుపుకుంటూ లేచింది. కొండను ఇంకోసారి పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏమో" అంది.

ఏడాది దాటాక వినబడిన మాట. బుల్లికి ఏం అనాలో తెలుసు, ఆ మాట తను అనొచ్చో లేదో మాత్రం తెలియలేదు. అయినా చేతిలోని ఫోన్ పైకెత్తి పట్టుకుంది.

"రాసుకోనా?"

అమ్మ గిరుక్కున తిరిగి చూసింది. చూస్తూనే కళ్ళు నిండిపోయాయి. కొంగుతో ముఖం తుడుచుకుంది. బస్సు వచ్చి ఆగింది.

"రాసుకో" అంది అమ్మ మెట్టెక్కుతూ. "మీ వంశం నేర్చింది అదొక్కటే కదా!"