దేవుడు ఊడ్చిన దారి

ఉప్పెక్కువైంది, క్రాఫిష్ అనే మంచినీటి రొయ్యలు ఉడికించే నీళ్లలో డెస్మండ్ ఎప్పుడూ ఉప్పెక్కువే వేస్తాడు, అయినా ఎవడంటాడు, నిన్ననే కదా అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలో అతని జెర్సీని పైకెత్తి కట్టారు, ఇక ఆ నంబరు ఇంకెవడూ వేసుకోకూడదట, జనమంతా లేచి నిలబడితే ఓడెల్ ఫాంటెనో కూడా లేచాడు, మోకాళ్లు కలుక్కుమంటుంటే ముందు సీటు పట్టుకుని మరీ లేచాడు, పక్కనుంచి భార్య ఎర్లీన్ గొణిగింది, ఆ మొహమేంటయ్యా ఆముదం తాగినట్టు, కెమెరాలున్నాయి నవ్వు, నవ్వాడు, ఇప్పుడు డెస్మండ్ పెరట్లోనూ నవ్వుతూనే కూర్చున్నాడు, పేపర్లు పరిచిన బల్ల మీద ఎర్రగా పొగలు కక్కే కుప్ప, మధ్యలో మొక్కజొన్న పొత్తులు, చుట్టూ పాత జట్టువాళ్లు, అందరి కళ్లూ డెస్మండ్ మీదే, ఓడెల్ కళ్లూ అక్కడే, ఈ వయసులోనూ నడుం వంగలేదు వీడికి, వీడి నిమ్మచెట్టు కూడా విరగకాసింది చూడు, జట్టు వరసలో చివర నిలబడి ఖాళీలోకి పరిగెత్తినవాడికి నడుమెందుకు వంగుతుంది, మధ్యలో నిలబడి ఎదుటి జట్టులో ఏనుగుల్లాంటి వాళ్లనిద్దర్ని రొమ్ము మీద ఆపింది తను, నువ్వెవణ్ణీ పడగొట్టక్కర్లేదు ఓడెల్, ఇద్దర్ని ఆపు చాలు, పడగొట్టడం డెస్మండ్ చూసుకుంటాడు, అన్నాడు కోచ్ మొదటి ఏడే, చూసుకున్నాడు, బూట్ల ప్రకటనల్లో అతని మొహం, తనకు మిగిలినవి ఈ వంకర వేళ్లు, క్రాఫిష్ తోక కూడా విరవలేవు, ఎర్లీన్ ఒలిచి పెడుతోంది.

ఆ ఫైనల్ సంగతి చెప్పు డెస్, అన్నారెవరో, ఇంకేం, డెస్మండ్ చేతులు తుడుచుకుని లేచాడు, ఆఖరి నిమిషం, వాళ్ల క్వార్టర్‌బ్యాక్, బంతి విసిరేవాడు, దాన్ని పట్టుకుని ఎవడికి విసరాలా అని దిక్కులు చూస్తున్నాడు, నేను దూకాను, చూస్తే నా ముందు ఒక్కడు లేడు, దేవుడే దారి ఊడ్చిపెట్టాడు, వెళ్లి వాడి మీద పడ్డాను, బంతి ఊడింది, కప్పు మనది, అంతా గొల్లున నవ్వారు, దేవుడట, ఆ దేవుడికి ఆ రోజు భుజం జారింది, ఆ దేవుణ్ణి మర్నాడు ఎర్లీనే చొక్కా తొడిగి ఇంటికి తీసుకొచ్చింది, ఓడెల్ ఇక ఆగలేక అనేశాడు, ఎందుకు లేరో ఎప్పుడైనా ఆలోచించావురా డెస్.

బల్ల కింద ఎర్లీన్ అతని తొడ గిల్లింది, డెస్మండ్ కనుబొమలు ముడిచి, లేరంతే కదరా, ఇంతకీ నువ్వెక్కడున్నావప్పుడు, అన్నాడు, వెక్కిరింపేమోనని ఆ కళ్లలో వెతికాడు ఓడెల్, లేదు, నిజంగానే అడుగుతున్నాడు, ఇన్నేళ్లూ వీణ్ణి దొంగ అనుకున్నాడే, దొంగకు తాను ఎత్తుకెళ్లిందేమిటో తెలియాలి కదా, వీడికి తెలియనే తెలియదు, కింద ఉన్నాన్రా, అన్నాడు, నీకు అడ్డు రావాల్సిన వాళ్లిద్దరూ నా మీదున్నారు, మొహం గడ్డిలో ఉంది, నువ్వు వాణ్ణి పడగొట్టడం నేను చూళ్లేదు, జనం అరుపు విని తెలుసుకున్నాను, డెస్మండ్ మెల్లగా కూర్చున్నాడు, ఓడెల్‌కు కుళ్లు తగ్గలేదు, ఆ తిన్నటి నడుమును చూస్తే ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంది, కానీ ఆ మంట అడుగున ఇంతకాలం కనబడని సంగతొకటి కనబడి అక్కడే నిలిచిపోయింది, తన పని తాను ఎంత బాగా చేశాడంటే, ఆ దారిన పరిగెత్తినవాడికి అక్కడొక మనిషి ఉన్నాడన్న అనుమానమైనా రాలేదు.